దూరదర్శినికి శ్రుతి

పాఠ్యభాగ పరిచయం

పనిముట్టు సరిగా పనిచేయనప్పుడు లోపం దానిలో ఉన్నదా, దానిని అమర్చుకొన్న తీరులో ఉన్నదా అని విచారించడం శాస్త్రీయ దృక్పథానికి తొలిమెట్టు. పరావర్తన దూరదర్శినిలోని దర్పణాలను ఇంటివద్దనే సరిచేసుకొనే విధానాన్ని ఈ పాఠం వివరిస్తుంది. ఆ పని వెనుక ఉన్న భౌతికశాస్త్ర సూత్రాన్ని, 1868లో గుంటూరు గడ్డమీద జరిగిన ఒక గొప్ప ఖగోళ పరిశీలనను కూడా పరిచయం చేస్తుంది.

పాఠ్యభాగం

సంక్రాంతి పండుగ ముగిసిన తరువాత పల్నాటి ఆకాశం ఎంతో నిర్మలంగా ఉంటుంది. పగలంతా కల్లాలలో ఆరబోసిన మిరపకాయల ఘాటు సాయంత్రానికి సద్దుమణుగుతుంది. చీకటి పడేసరికి నల్లమల కొండల మీదుగా నక్షత్రాలు ఒక్కొక్కటిగా తొంగిచూస్తాయి. మన పెద్దలు పిల్లలకోడి అని ముద్దుగా పిలుచుకొన్న కృత్తికలు నడినెత్తిన మెరుస్తుంటాయి. అటువంటి ఒక రాత్రి నరసరావుపేటలోనో, గురజాలలోనో, మాచర్ల దగ్గరి ఒక పల్లెలోనో ఇంటి మేడమీద ఒక అక్క, ఒక తమ్ముడు కొత్త దూరదర్శినితో నిలుచున్నారనుకొందాం. దానిలోని దర్పణం వ్యాసం ఆరు అంగుళాలు. ఎన్నో నెలలు కూడబెట్టిన డబ్బుతో తెప్పించుకొన్నది. తమ్ముడు మొట్టమొదట గురుగ్రహాన్ని చూశాడు. చూసి తెల్లబోయాడు.

“ఇదేందక్కా? గురుడు గుండ్రంగా ఉంటాడన్నావు, దీనికి తోక మొలిచింది!”

అక్క కూడా చూసింది. గ్రహబింబం ఒక పక్కకు చెదిరి, తడికాగితం మీద పడిన సిరాచుక్కలాగా వ్యాపించి ఉన్నది. పుస్తకాలలో చదివిన పట్టీలు లేవు. నాలుగు ఉపగ్రహాలు చుక్కలుగా కాక చిన్న చిన్న తోకలుగా కనిపిస్తున్నాయి. “డబ్బులు దండగ చేశారర్రా” అని నాయనమ్మ నిట్టూర్చింది. మరునాడు దూరదర్శిని అటక మీదికి చేరింది.

ఇటువంటి దూరదర్శినులు ఇళ్లలోనే కాదు, పాఠశాలల ప్రయోగశాలల్లో కూడా దుమ్ముకొట్టుకొని ఉండడం అరుదు కాదు. వాటిలో అనేకం చెడిపోయినవి కావు. వాటి దర్పణాలు ఒకదానికొకటి ఎదురుబొదురుగా నిలువవలసిన తీరులో నిలువలేదు, అంతే. ప్రయాణంలో కుదుపులకు లోపలి స్క్రూలు రవ్వంత కదిలి ఉంటాయి. వాటిని సరిచేయడానికి పెద్ద పరికరం అక్కరలేదు. అరగంట కాలం, కొంచెం ఓపిక, ఇద్దరు మనుషులు చాలు. ఆ అరగంట ఎవరూ వెచ్చించకపోవడం వల్ల ఒక పిల్లవాని కుతూహలం అటకెక్కుతున్నది. నష్టపోతున్నది ఆ దూరదర్శిని వెల మాత్రమే కాదు.

ఆడలేక మద్దెల ఓడన్నట్లు పనిముట్టును నిందించే ముందు ఒక మాట గుర్తుచేసుకోవాలి. పండుగనాడు డప్పు కళాకారులు ఊరేగింపు మొదలుకాకముందే చిన్న మంట వేసి డప్పులను కాచుకొంటారు. చెమ్మకు వదులైన తోలు వేడికి బిగుసుకొని మోగుతుంది. వదులైన డప్పును ఎవరూ పనికిరాదని పారవేయరు. కచేరికి ముందు తంబూరాను శ్రుతి చేయని గాయకుడూ లేడు. పరావర్తన దూరదర్శిని కూడా ఆ కోవకు చెందినదే. దానికీ శ్రుతి కావాలి.

రెండు దర్పణాల కథ

దూరదర్శినులు ప్రధానంగా రెండు విధాలు. కటకాలతో కాంతిని వంచి ప్రతిబింబాన్ని ఏర్పరచేవి వక్రీభవన దూరదర్శినులు. 1609లో గెలీలియో ఆకాశం వైపు తిప్పినది ఈ రకానిదే. గాజుకటకం వేర్వేరు రంగుల కాంతిని వేర్వేరు దూరాలలో కేంద్రీకరిస్తుంది కాబట్టి నాటి దూరదర్శినులలో నక్షత్రాల చుట్టూ రంగుల అంచులు కనిపించేవి. దర్పణం అన్ని రంగులను ఒకే విధంగా పరావర్తనం చేస్తుంది. ఈ సూత్రాన్ని ఆధారం చేసుకొని ఐజాక్ న్యూటన్ 1668లో తొలి పరావర్తన దూరదర్శినిని తన చేతులతో నిర్మించాడు. దాని దర్పణం గాజు కాదు. రాగి, తగరం కలిపిన మిశ్రమలోహం. వ్యాసం అంగుళానికి కొంచెం ఎక్కువ. దూరదర్శిని మొత్తం పొడవు సుమారు ఆరు అంగుళాలు. చేతిలో ఇమిడిపోయే ఆ చిన్న సాధనం నుంచే నేటి మహాదూరదర్శినులన్నీ పుట్టుకొచ్చాయి.

న్యూటన్ తరహా దూరదర్శినిలో గొట్టం అడుగున పుటాకారపు ప్రధాన దర్పణం ఉంటుంది. ఆరు అంగుళాల దర్పణం మన కంటిపాప కంటే సుమారు 450 రెట్లు ఎక్కువ కాంతిని సేకరిస్తుంది. దాని ఉపరితలం పరావలయాకారంలో ఉంటుంది. ఆ ఆకృతిలో వెంట్రుక మందంలో వెయ్యో వంతు తేడా వచ్చినా ప్రతిబింబపు స్పష్టత తగ్గడం మొదలవుతుంది. ప్రధాన దర్పణం కేంద్రీకరించిన కాంతి తిరిగి గొట్టం నోటివైపు పయనిస్తుంది. అక్కడ తల అడ్డుపెట్టి చూడలేము కాబట్టి న్యూటన్ ఒక చిన్న సమతల దర్పణాన్ని 45 డిగ్రీల వాలుగా నిలిపి కాంతిని పక్కకు మళ్లించాడు. అది ద్వితీయ దర్పణం. మళ్లిన కాంతి గొట్టం పక్కన ఉన్న చిన్న నాళంలోని అక్షికటకం గుండా మన కంటికి చేరుతుంది.

పరావలయానికి ఒక గుణం ఉన్నది. తన అక్షానికి సమాంతరంగా వచ్చిన కిరణాలన్నింటినీ అది ఒకే బిందువు వద్ద కలుపుతుంది. అక్షానికి దూరంగా వాలుగా వచ్చిన కిరణాలను మాత్రం తోకచుక్క ఆకారంలో చెదరగొడుతుంది. అక్కాతమ్ముళ్లు చూసిన తోక ఇదే. గురుగ్రహానికి తోక మొలవలేదు. దర్పణం అక్షం ఒకవైపు, అక్షికటకం మరొకవైపు చూస్తున్నాయి. ఈ రెండింటినీ ఒకే రేఖ మీదికి తేవడమే దర్పణాల శ్రుతి.

ఎంత కచ్చితంగా తేవాలి? నాభ్యంతరాన్ని దర్పణపు వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్యపై ఇది ఆధారపడుతుంది. ఆ సంఖ్య 8 అయితే తోక లేని స్వచ్ఛమైన ప్రతిబింబం సుమారు 11 మిల్లీమీటర్ల వ్యాసం గల వలయంలో ఏర్పడుతుంది. 5 అయితే ఆ వలయం మూడు మిల్లీమీటర్ల లోపునకు కుంచించుకొనిపోతుంది. 4 అయితే ఒకటిన్నర మిల్లీమీటరైనా ఉండదు. 150 మిల్లీమీటర్ల వ్యాసం, 750 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల దూరదర్శినిలో వెనుకనున్న ఒక స్క్రూ పావుచుట్టు తిరిగితే అక్షం నాభి వద్ద ఒక మిల్లీమీటరుకు పైగా పక్కకు జరుగుతుంది. స్వచ్ఛమైన ప్రతిబింబాన్ని పోగొట్టుకోవడానికి ఆ పావుచుట్టు చాలు. దానిని తిరిగి రాబట్టుకోవడానికీ ఆ పావుచుట్టే చాలు.

గుంటూరులో ఒక శ్రావణ ఉదయం

ఈ జాగ్రత్త ఎంత విలువైనదో తెలుసుకోవడానికి మనం దూరదేశాలకు పోనక్కరలేదు. 2022లో పల్నాడు ప్రత్యేక జిల్లాగా ఏర్పడేవరకు అంతర్భాగంగా ఉండిన గుంటూరు జిల్లా చరిత్రలోనే అందుకు నిదర్శనం ఉన్నది.

1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణం సంభవించింది. చంద్రుని నీడ బిజాపూరు వైపు నుంచి తూర్పుగా సాగి, పల్నాటి మీదుగా గుంటూరును, అటుపిమ్మట మచిలీపట్నాన్ని తాకింది. గుంటూరులో సూర్యబింబం అయిదు నిమిషాలకు పైగా పూర్తిగా మరుగున పడింది. ఆ అయిదు నిమిషాల కోసం శాస్త్రజ్ఞులు సముద్రాలు దాటి వచ్చారు. ఫ్రాన్సు దేశానికి చెందిన జూల్స్ జాన్సెన్ గుంటూరులోని ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట తన పరికరాలను నెలకొల్పుకొన్నాడు. బ్రిటిష్ సైనిక ఇంజనీరు మేజర్ జేమ్స్ ఫ్రాన్సిస్ టెనెంట్ అదే పట్టణంలో మరొక శిబిరం ఏర్పరచాడు.

జాన్సెన్ వర్ణపటదర్శినిని సూర్యుని అంచున ఎగసిన జ్వాలల వైపు తిప్పాడు. ప్రకాశవంతమైన రేఖలు కనిపించాయి. ఆ జ్వాలలు మండుతున్న వాయువులని, వాటిలో హైడ్రోజన్ ప్రధానమని స్పష్టమైంది. రేఖలు ఎంతో కాంతిమంతంగా ఉండడం చూసి, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చునని ఆయనకు స్ఫురించింది. మరునాటి ఉదయమే ప్రయత్నించి సఫలుడయ్యాడు. అంతవరకు గ్రహణ సమయంలో మాత్రమే దర్శనమిచ్చే సూర్యజ్వాలలను ఏ రోజునైనా పరిశీలించే మార్గం గుంటూరులో దొరికింది. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ కూడా ఈ మార్గాన్ని స్వతంత్రంగా కనుగొన్నాడు. సూర్యుని వర్ణపటంలోని ఒక పసుపు రేఖ భూమిమీద తెలిసిన ఏ మూలకానికీ చెందదని గ్రహించాడు. అదే హీలియం. 1895లో విలియం రామ్సే దానిని భూమిమీద వేరుచేసేవరకు అది సూర్యుని సొత్తుగానే ఉండిపోయింది.

మన పాఠానికి ఎక్కువ సంబంధించినది టెనెంట్ శిబిరం. అక్కడ గ్రహణాన్ని ఛాయాచిత్రాలలో బంధించడానికి వాడినది తొమ్మిది అంగుళాల పరావర్తన దూరదర్శిని. దానిలోనిది వెండి పూత పూసిన గాజు దర్పణం. గాజుపై పలుచగా వెండి పూసి దూరదర్శినులకు వాడే పద్ధతి అప్పటికి వెలుగు చూసి పుష్కరకాలం మాత్రమే అయింది. న్యూటన్ తొలి దూరదర్శిని నిర్మించిన సరిగ్గా 200 ఏళ్లకు ఆయన తరహా సాధనం మన నేలమీద సూర్యుని వైపు చూచింది.

ఒక్కసారి ఆలోచించండి. ఓడలలో, బండ్లలో కుదుపులు తింటూ ఇంగ్లండు నుంచి వచ్చిన దర్పణాలవి. గ్రహణం ఎవరికోసమూ ఆగదు. అయిదు నిమిషాలలో స్క్రూలు సవరించుకొంటూ కూర్చుంటే మిగిలేది చీకటి మాత్రమే. కాబట్టి అసలు పని అంతా అంతకుముందు రోజులలోనే పూర్తికావాలి. ఆకాశం ఇచ్చే అవకాశం కొన్ని నిమిషాలు. దానికోసం చేసుకొనే సన్నాహం కొన్ని వారాలు. శాస్త్రంలో కీర్తి ఆ నిమిషాలకు దక్కుతుంది, దానికి అర్హత ఆ వారాలలో లభిస్తుంది.

సరిచేసే విధానం

ఇక అటక మీది దూరదర్శినిని కిందికి దించుదాం. పగటివేళ, వెలుతురు బాగా ఉన్న వరండాలో ఈ పని చేయాలి. గొట్టాన్ని నిలువుగా కాక అడ్డంగా, నేలకు సమాంతరంగా ఉంచాలి. చేయిజారిన స్క్రూగాని పనిముట్టుగాని ప్రధాన దర్పణం మీద పడకుండా ఉండడానికి ఈ జాగ్రత్త. గొట్టం నోటిని సున్నం వేసిన తెల్లని గోడవైపు తిప్పాలి. ఎట్టి పరిస్థితిలోనూ సూర్యుని వైపు తిప్పరాదు. దూరదర్శినిలో సూర్యుని చూస్తే క్షణంలో కంటిచూపు శాశ్వతంగా పోతుంది.

మనకు కావలసిన మొదటి సాధనం ఒక చూపుమూత. అక్షికటకాన్ని తీసి, ఆ నాళానికి సరిపోయే ప్లాస్టిక్ మూతకు సరిగ్గా నడుమ రెండు మిల్లీమీటర్ల రంధ్రం చేయాలి. మూత లోపలివైపు తెల్లకాగితం అంటించి, దానికి కూడా నడుమ రంధ్రం చేయాలి. పూర్వం ఫోటో ఫిల్ములు వచ్చే చిన్న డబ్బాలను ఇందుకు వాడేవారు. ఈ రంధ్రం గుండా చూస్తే కన్ను ఎప్పుడూ నాళం నడుమనే నిలుస్తుంది. ఇంతటి చవకైన సాధనం చేసే మేలు ఇంతా అంతా కాదు.

రెండవది ప్రధాన దర్పణం నడుమ ఒక గుర్తు. అనేక దూరదర్శినులకు ఇది ముందే ఉంటుంది. లేకపోతే దర్పణమంత వృత్తాకారపు కాగితాన్ని కత్తిరించి, నాలుగు మడతలు పెట్టి, మడతలు కలిసినచోట రంధ్రం చేయాలి. దర్పణాన్ని అమరిక నుంచి బయటికి తీసి, కాగితాన్ని దానిపై మెల్లగా పరచి, రంధ్రంలో చిన్న చుక్క పెట్టి, చుక్క చుట్టూ కాగితపు వలయాన్ని అంటించాలి. దర్పణం నడిభాగం ఎలాగూ ద్వితీయ దర్పణం నీడలోనే ఉంటుంది కాబట్టి ఈ గుర్తువల్ల ప్రతిబింబానికి ఏ హానీ కలుగదు.

ఇప్పుడు చూపుమూత గుండా చూడాలి. మొదటిసారి చూచినవారికి బొమ్మలో బొమ్మ, దానిలో మరో బొమ్మ కనిపించి తికమక కలుగుతుంది. బయటినుంచి లోపలికి వరుసగా గుర్తుపట్టాలి. అన్నిటికంటే వెలుపల ఉన్నది నాళం లోపలి అంచు. దానిలోపల ద్వితీయ దర్పణపు అంచు. దానిలో ప్రధాన దర్పణపు ప్రతిబింబం. ఆ ప్రతిబింబం నడుమ నల్లగా ద్వితీయ దర్పణపు నీడరూపం, దానిని పట్టి ఉంచిన సన్నని లోహపు పట్టీలు. అన్నిటికీ నడుమ మన చూపుమూత తెల్లదనం, దానిలో రంధ్రం. ఇవన్నీ క్రమంగా ఏకకేంద్రకంగా రావాలి. సరిచేయడంలో మూడు మెట్లు ఉన్నాయి. వాటి వరుస తప్పరాదు.

మొదటి మెట్టు ద్వితీయ దర్పణం స్థానం. నాళానికి ఎదురుగా, గొట్టం లోపలి గోడకు రంగుకాగితం పెట్టాలి. ద్వితీయ దర్పణానికీ ప్రధాన దర్పణానికీ నడుమ ఒక తెల్లకాగితం నిలిపి, లోపలి బొమ్మలను తాత్కాలికంగా మరుగుపరచాలి. ఇప్పుడు ద్వితీయ దర్పణపు అంచు మాత్రమే స్పష్టంగా కనిపిస్తుంది. నిజానికి ఆ దర్పణం కోడిగుడ్డు ఆకారంలో ఉన్నా 45 డిగ్రీల వాలు వల్ల మన కంటికి గుండ్రంగా కనిపించాలి, నాళం నడుమ నిలువాలి. ముందుకో వెనుకకో జరిగి ఉంటే నడిమి స్క్రూను సవరించాలి. కోలగా కనిపిస్తే దానిని పట్టిన కాడను కొంచెం తిప్పాలి. ఈ అమరిక ఒకసారి కుదిరితే చాలాకాలం చెదరదు.

రెండవ మెట్టు ద్వితీయ దర్పణం వాలు. అడ్డుపెట్టిన కాగితాన్ని తీసివేయాలి. నడిమి స్క్రూ చుట్టూ మూడు చిన్న స్క్రూలు ఉంటాయి. ఒకదానిని వదులు చేసినప్పుడు మిగిలినవాటిని బిగించుకొంటూ, ప్రధాన దర్పణం నడుమనున్న గుర్తు సరిగ్గా మన చూపురేఖ మీదికి వచ్చేటట్లు తిప్పాలి. ప్రధాన దర్పణాన్ని అంచున పట్టి ఉంచే కొక్కెములు అన్నీ సమానంగా కనిపిస్తే ఈ మెట్టు దాటినట్లే. నాభ్యంతరం తక్కువగా ఉన్న దూరదర్శినులలో నల్లని నీడరూపం మాత్రం ప్రధాన దర్పణం దిశగా కొంచెం ఒరిగి కనిపిస్తుంది. అది దోషం కాదు, ఆ నిర్మాణపు స్వభావం. దానిని కూడా నడుమకు తేవాలని ప్రయత్నిస్తే సరిగా ఉన్నది కాస్తా చెడుతుంది.

మూడవ మెట్టు ప్రధాన దర్పణం వాలు. దీనిని మాత్రం దూరదర్శినిని కదిలించిన ప్రతిసారీ సరిచూసుకోవాలి. గొట్టం అడుగున మూడు సవరణ స్క్రూలు, కొన్నింటిలో వాటి పక్కనే బిగింపు స్క్రూలు ఉంటాయి. ముందుగా బిగింపు స్క్రూలను వదులు చేయాలి. ఇక్కడ ఇద్దరి అవసరం తెలుస్తుంది. తమ్ముడు రంధ్రం దగ్గర కన్ను పెడతాడు. అక్క గొట్టం వెనుక కూర్చుని స్క్రూలు తిప్పుతుంది.

“కొంచెం తిప్పక్కా. ఆ, చుక్క వలయం దగ్గరికి వస్తుంది. ఆగాగు, దాటిపోయింది. వెనక్కి తిప్పు.”

“ఇప్పుడు?”

“పైనుంచి దిగింది గానీ, కుడిపక్కకి పోయింది.”

“అయితే రెండో స్క్రూ అన్నమాట.”

దర్పణం ఒక కోణం తిరిగితే దానినుంచి పరావర్తనం చెందిన కిరణం రెండింతల కోణం తిరుగుతుందని మనం భౌతికశాస్త్రంలో చదువుకొన్నాం. ఆ పాఠం ఇక్కడ కంటికి కనిపిస్తుంది. స్క్రూ రవ్వంత తిరిగినా చుక్క గబాలున జరుగుతుంది. కాబట్టి ఒక్కొక్కసారి ఎనిమిదో వంతు చుట్టుకు మించి తిప్పరాదు. చూపుమూత రంధ్రపు నల్లని ప్రతిబింబం దర్పణం మీది వలయం నడుమకు వచ్చి నిలిచినప్పుడు పని ముగుస్తుంది. బిగింపు స్క్రూలను మెల్లగా బిగించి, బిగించడంలో ఏమైనా జరిగిందేమో మరొకసారి చూచుకోవాలి.

లేజరు కాంతితో పనిచేసే సాధనాలు నేడు అంగడిలో దొరుకుతున్నాయి. అవి పనిని త్వరితం చేస్తాయి. అయితే ఆ సాధనమే వంకరగా ఉంటే దూరదర్శినినీ వంకరగానే నిలుపుతుంది. రసమట్టం వంకరైతే గోడ వంకర కాకుండా ఉంటుందా? ఆ సాధనాన్ని నాళంలో గుండ్రంగా తిప్పినప్పుడు లేజరు చుక్క దర్పణం మీద ఒకేచోట నిలిస్తే అది సరైనదని తెలుస్తుంది. లేజరు కిరణాన్ని మాత్రం కంటితో సూటిగా చూడరాదు.

నక్షత్రమే న్యాయమూర్తి

పగలు చేసిన పనికి తీర్పు రాత్రి నక్షత్రం చెబుతుంది. ఆకాశంలో కదలకుండా నిలిచినట్లుండే ధ్రువనక్షత్రం ఇందుకు అనుకూలం. పల్నాడు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి ఉన్నందువల్ల ధ్రువుడు ఉత్తర దిగంతానికి సుమారు అంతే ఎత్తులో ఉంటాడు. అక్కడి గాలిపొర మందం వల్ల ప్రతిబింబం కొంత వణుకుతుంది. చెట్లు, మేడలు అడ్డువచ్చినా, గాలి నిలకడగా లేకపోయినా ఎత్తుగా ఉన్న మరొక నక్షత్రాన్ని ఎంచుకొని, అది జరిగినప్పుడల్లా నడుమకు తెచ్చుకోవచ్చు.

150 నుంచి 200 రెట్లు పెంచి చూపే అక్షికటకం పెట్టి, నక్షత్రాన్ని సరిగ్గా నడుమ ఉంచి, ప్రతిబింబాన్ని కొంచెం చెదిరేటట్లు చేయాలి. చెరువులో రాయి వేసినప్పుడు లేచే అలలవలె కాంతివలయాలు ఒకదాని చుట్టూ ఒకటి కనిపిస్తాయి. కాంతి తరంగస్వభావం వల్ల కలిగే వివర్తనమే దీనికి కారణం. వలయాలు ఏకకేంద్రకంగా ఉంటే శ్రుతి కుదిరినట్లు. ఒకవైపు కిక్కిరిసి మరొకవైపు విడిపోయి ఉంటే ఇంకా సవరణ మిగిలే ఉన్నది. అప్పుడు దూరదర్శినిని మెల్లగా కదిలించి, నక్షత్రం దృష్టిక్షేత్రంలో ఎక్కడ ఉన్నప్పుడు వలయాలు చక్కగా కుదురుతాయో కనిపెట్టాలి. అక్కడినుంచి ప్రధాన దర్పణం స్క్రూలతోనే నక్షత్రాన్ని తిరిగి నడుమకు తేవాలి. ఇలా చేసిన ప్రతిసారి దోషం సగానికి తగ్గుతుంది. రెండు మూడు పర్యాయాలలో కంటికి అందనంత చిన్నదవుతుంది.

ఈ పరీక్షకు ముందు దూరదర్శినిని కనీసం గంటసేపు ఆరుబయట ఉంచాలి. పల్నాటి ఎండ సంగతి తెలిసినదే. గదిలో వేడెక్కిన దర్పణం చల్లబడేవరకు దానిమీద వేడిగాలి సుడులు తిరుగుతూనే ఉంటుంది. పగలంతా కాగిన సిమెంటు మేడ కూడా రాత్రి చాలాసేపు సెగలు కక్కుతుంది. వేసవిలో మేడకంటే నీరు చిలకరించిన మట్టినేల మేలు. ఈ సంగతి తెలియనివారు గాలి చేసిన తప్పును దర్పణం మీద మోపి, సరిగా ఉన్న స్క్రూలను పాడుచేసుకొంటారు.

మన ప్రాంతంలో మరొక జాగ్రత్త అవసరం. పిడుగురాళ్ల చుట్టుపక్కల సున్నపు బట్టీల ధూళి, మిరపకోతల కాలంలో కల్లాల దుమ్ము ఇళ్లలోకి వస్తాయి. దర్పణం మీద పలుచని దుమ్ము ఉంటే తుడవాలని చేయి లాగుతుంది. అలా చేయరాదు. ఇంటి అద్దానికి పూత వెనుకవైపు ఉంటుంది. దూరదర్శిని దర్పణానికి ముందువైపే ఉంటుంది. పొడిగుడ్డతో రుద్దితే సున్నపు రేణువులు ఆ పూతను గీకివేస్తాయి. దుమ్ము వల్ల పోయే కాంతి స్వల్పం. గీతల వల్ల కలిగే నష్టం శాశ్వతం. దుమ్ము మరీ పేరుకొన్నప్పుడు మాత్రమే దర్పణాన్ని బయటికి తీసి, స్వేదనజలంతో కడిగి, చుక్కంత మెత్తని సబ్బుద్రవం కలిపిన నీటిలో తడిపిన దూదిని దాని బరువుతోనే మెల్లగా జార్చి, మళ్లీ స్వేదనజలం పోసి నిలువుగా ఆరబెట్టాలి. వాడనప్పుడు మూత పెట్టి ఉంచడం వీటన్నిటికంటే ఉత్తమం.

చిన్న స్క్రూ, పెద్ద పాఠం

అన్ని లోపాలూ స్క్రూలతో తీరవు. 1990లో అంతరిక్షంలోకి పంపిన హబుల్ దూరదర్శిని దర్పణం అంచు వద్ద 2.2 మైక్రోమీటర్లు ఎక్కువ చదునుగా సానపట్టినట్లు తరువాత తేలింది. దర్పణాన్ని కొలిచిన పరికరంలో ఒక కటకం 1.3 మిల్లీమీటర్ల మేర తప్పు స్థానంలో ఉండడం అందుకు మూలం. అది ఆకృతిలోని దోషం కాబట్టి ఏ సవరణా దానిని తీర్చలేకపోయింది. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి దిద్దుబాటు పరికరాలను అమర్చిన తరువాతనే చూపు తేటపడింది.

జేమ్స్ వెబ్ దూరదర్శిని విషయం వేరు. 2021 డిసెంబరు 25న ప్రయోగించిన ఈ దూరదర్శిని భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఆరున్నర మీటర్ల దాని ప్రధాన దర్పణం 18 ముక్కల కూర్పు. 2022 ఫిబ్రవరిలో తొలిసారిగా ఒకే నక్షత్రం వైపు చూచినప్పుడు అది 18 చుక్కలుగా కనిపించింది. శాస్త్రజ్ఞులు కలత చెందలేదు. అలాగే కనిపిస్తుందని వారికి ముందే తెలుసు. వెనుకనున్న చిన్న మోటార్లతో ఒక్కొక్క ముక్కను సూక్ష్మంగా సవరించుకొంటూ వచ్చారు. వారాల తరబడి సాగిన ఆ కృషి ఫలించి, మార్చి నెలకు 18 చుక్కలు ఒక్కటయ్యాయి. పల్నాటి వరండాలో అక్కాతమ్ముళ్లు చేసినదీ, వారు చేసినదీ స్వభావంలో ఒకే పని. ఒకచోట స్క్రూ తిప్పేది అక్క చేయి, మరొకచోట భూమినుంచి వెళ్లిన ఆజ్ఞ.

లోపం దేనిలో ఉన్నదో విడదీసి తెలుసుకోవడమే ఇక్కడ అసలైన విద్య. ఆకృతి దోషమా, అమరిక దోషమా, గాలి దోషమా, చూచేవారి తొందరపాటా అని ఒక్కొక్కదానినే పరీక్షించి తొలగించుకొంటూ రావాలి. ఒకేసారి అన్ని స్క్రూలూ తిప్పేవానికి ఏది సరిచేసిందో, ఏది చెడగొట్టిందో ఎన్నటికీ తెలియదు. ఈ క్రమశిక్షణ దూరదర్శినికి మాత్రమే పరిమితమైనది కాదు. చదువులో వెనుకబడిన విద్యార్థిని, పంట తగ్గిన పొలాన్ని, నీరు ఎక్కని మోటారును కూడా పనికిరానివని తీర్పు చెప్పే ముందు ఇదే ఓపికతో పరిశీలించవలసి ఉంటుంది.

ఆ రాత్రి మళ్లీ మేడమీదికి వెళ్దాం. దూరదర్శిని సాయంత్రం నుంచి ఆరుబయటనే ఉన్నది. తమ్ముడు కన్ను పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. గురుగ్రహం పదునైన అంచుతో, కొంచెం నొక్కినట్లున్న గుండ్రని బింబంగా నిలిచి ఉన్నది. దానిమీద రెండు మట్టిరంగు పట్టీలు. పక్కన వరుసగా నాలుగు చుక్కలు, తోకలు లేకుండా. అతడు పక్కకు జరిగి, “నాయనమ్మా, నువ్వు రా, చూద్దువుగాని” అన్నాడు. ఆమె కొంగుతో కళ్లద్దాలు తుడుచుకొని వంగి చూచింది. డబ్బుల మాట ఆమె మళ్లీ ఎత్తలేదు.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. న్యూటన్ తరహా దూరదర్శినిలోని దర్పణాలను సరిచేసే మూడు మెట్లను వివరించండి.
2. 1868 నాటి సూర్యగ్రహణ పరిశీలనలో గుంటూరుకు గల ప్రాధాన్యాన్ని తెలియజేయండి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. గురుగ్రహానికి తోక ఉన్నట్లు కనిపించడానికి కారణమేమి?
2. ధ్రువనక్షత్రం పల్నాటిలో ఎంత ఎత్తులో కనిపిస్తుంది? ఎందువల్ల?
3. దూరదర్శిని దర్పణాన్ని పొడిగుడ్డతో ఎందుకు తుడవరాదు?
4. హబుల్, జేమ్స్ వెబ్ దూరదర్శినుల అనుభవాలలోని తేడా ఏమి?

సందర్భసహిత వ్యాఖ్యలు
1. రసమట్టం వంకరైతే గోడ వంకర కాకుండా ఉంటుందా?
2. శాస్త్రంలో కీర్తి ఆ నిమిషాలకు దక్కుతుంది, దానికి అర్హత ఆ వారాలలో లభిస్తుంది.
3. దుమ్ము వల్ల పోయే కాంతి స్వల్పం. గీతల వల్ల కలిగే నష్టం శాశ్వతం.